బెల్లం తిన్న సాక్షులు

పోయిన నెల టెక్కలిలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. ఆమె మామగారు పోయిన పదోరోజు. ఆయన భార్య పుట్టింటివాళ్ళు తెల్లకోక తెచ్చి ఆ ముసలామె నెత్తిమీద కప్పబోతున్నారు. మన వైపు అది పద్ధతే, కొత్తేమీ కాదు. నేను మాత్రం లేచి బయటికి వచ్చేసి పెరట్లో నీళ్ళ గోలెం పక్కన నిలబడ్డాను. లోపల గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి. ఇంత వయసొచ్చాక కూడా ఈమెకు ఈ తిక్కేమిటని, అపచారం కాదా అని. అనుకోనివ్వండి. ఒక ఆడదాని నెత్తిన పదిమంది కలిసి గుడ్డ కప్పడం నేనొకసారి చూశాను. మళ్ళీ చూడటం నా వల్ల కాదు. భోజనాలకు కూడా ఉండకుండా బండి కట్టించుకుని వచ్చేశాను.

నేను చెప్పేది మా వైపు మనిషి గురించి కాదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు. వాళ్ళ దేశంలో అత్తారింటికి వచ్చిన పిల్లను పుట్టిన ఊరి పేరుతో పిలుస్తారట, సొంత పేరు పుట్టింట్లోనే ఉండిపోతుందట. ఆ ఊరి పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. ఆమె మొగుడు పలాస స్టేషను దాటాక, ఉద్దానం బళ్ళు పోయే దారిలో రైలు గేటు కాపలా. అందుకని మా వీధి ఆమెను గేటావిడ అంది. ఢిల్లీకి అవతల హరియాణా అనే చోటునుంచి వచ్చారని స్టేషన్లో పట్టాలు మార్చే ఒడియా పాయింట్స్‌మన్ చెప్పాడు. మేము ఢిల్లీయే ఎరగం, దాని అవతల ఏముంటే మాకేం. జర్మనీ యుద్ధానికి ముందు మాట ఇది. నేను జలంత్రకోట నుంచి పలాసకు కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు.

మనిషి నిలువెత్తు. మా పెరటి గుమ్మంలో తల వంచకుండా పట్టేది కాదు. గోనెగుడ్డంత మందం పావడా, మోకాళ్ళదాకా చొక్కా, నెత్తిమీంచి జారే ఓణీ. కాళ్ళకు బరువైన వెండి కడియాలు. ఆమె గేటు దగ్గర బయల్దేరితే మా వంటింట్లోకి ఆ చప్పుడు ముందు వచ్చేది. పేడ పిడకలు చేసి ఎండాక వాటిని చిన్న గుడిసెలా పేర్చేది, దానికి మట్టి మెత్తి, వేళ్ళతో తీగలూ పిట్టలూ గీసేది. పిడకలకు కూడా ముగ్గులా అని మా వీధి ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత వానాకాలంలో అందరి పిడకలూ నానిపోయి పొయ్యిలు రాజుకోనప్పుడు ఆ గుడిసెలోంచే అప్పు తెచ్చుకున్నారు.

ఆమె మొదటిసారి మా అత్తగారితో గొడవపడింది పాల దగ్గర. గేటావిడ గేదెను కొన్నదని తెలిసి మా అత్త చెంబూ డబ్బులూ పట్టుకుని వెళ్ళింది. ఆమె చెంబు నిండా పాలు పోసింది. డబ్బులు చూసి ముఖం ఎర్రగా చేసుకుని వాటిని మా అత్త కొంగులోకి తిరిగి విసిరేసింది. వాళ్ళలో పాలు అమ్ముకోవడమంటే కన్నబిడ్డను అమ్ముకున్నంత సిగ్గట. కావాలంటే ఊరికే పట్టుకుపొమ్మంటుంది, మజ్జిగైతే వాకిట్లో కుండ పెట్టి వచ్చేపోయే బండివాళ్ళందరికీ పోస్తుంది. మా అత్తకు ఊరికే తీసుకోవడం చిన్నతనం. ఇద్దరూ కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు. చివరికి మా తోట కొబ్బరికాయలు అటూ, పాలు ఇటూ మారేటట్టు సర్దుబాటు చేసుకున్నారు.

ఆ తర్వాత ఇద్దరినీ విడదీయడం బ్రహ్మతరం కాలేదు. మధ్యాహ్నం మా పెరటి అరుగుమీద మా అత్త అడ్డపొగ వేసేది, చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. గేటావిడ హుక్కా తెచ్చుకునేది. నిప్పు నోట్లో పెట్టుకునే మనుషులను ఆమె ఎక్కడా చూడలేదట. మా అత్తకేమో ఆ గుడగుడ మీద మోజు. వాళ్ళ కులం కానివాళ్ళకు హుక్కా గొట్టం ఇవ్వకూడదు, ఇస్తే వాళ్ళవాళ్ళు వెలివేస్తారు. ఆమె కాసేపు ఆలోచించి, మూతిగొట్టం ఊడబీకి పక్కన పెట్టి, పిడికిలి ఆనించి పీల్చమని మా అత్తకు చూపించింది. కట్టుబాటు తప్పలేదు, స్నేహమూ తప్పలేదు. అంత తెలివైన మనిషి.

ముసుగు సంగతి చెప్పాలి. ఆమె ముసుగుకు పెద్ద లెక్క ఉండేది. మొగుడికంటే పెద్దవాడైన ప్రతి మగాడూ ఆమెకు పెద్దబావగారి కింద లెక్క. అలాంటివాడు అల్లంత దూరాన కనిపిస్తే చాలు, ఓణీ గడ్డం కిందిదాకా లాక్కుని గోడవైపు తిరిగిపోయేది. అతను వినేంత దూరంలో ఉన్నంతసేపూ నోట మాట రాదు. ఏదైనా చెప్పాలంటే చిటికె వేసో, కడియం నేలకు తాటించో చెప్పాల్సిందే. మా మామగారు పశువులను తోలుకుని వెళ్ళేటప్పుడు ఆమె గోడకు అంటుకుపోవడం చూసి మా అత్త మురిసిపోయేది. చూసి నేర్చుకోవే అని నాకు సాధింపు. నాకు ఒళ్ళు మండేది.

మొగుడికంటే చిన్నవాళ్ళ దగ్గర మాత్రం ఆమె వేరే మనిషి. వాళ్ళంతా మరుదులు. ముసుగూ లేదు, సిగ్గూ లేదు. మా ఆయన ఆ లెక్కలో పడ్డాడు. హోలీ మా వీధిలో పెద్ద పండగేమీ కాదు, ఏదో పిల్లలు రంగు చల్లుకుంటే చల్లుకున్నారు. ఆ రోజు మా ఆయన స్నానం చేసి తెల్లపంచె కట్టుకుని గేటు దాటుతున్నాడు. గేటావిడ పాత ఓణీని మెలిపెట్టి ముడివేసి తడిపి, కొరడా చేసి పట్టుకుని ఉంది. వీపుమీద ఒకటి తగిలించింది. ఆయన పరుగు, ఆమె వెనకాల. బండివాళ్ళు బళ్ళు ఆపి చూశారు. వాళ్ళ దేశంలో ఆ రోజు వదినలు మరుదులను అలా కొడతారట, మరుదులు తప్పించుకోవడమే కానీ చెయ్యెత్తకూడదట. గేటు పక్కన ఆమె మొగుడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మా ఆయనకు వారం రోజులు ముఖం చెల్లలేదు. ఆ సరసంలోంచే నాకు ఆమె తోటికోడలి వరస కట్టింది. ఆ నాటినుంచీ నన్ను దేవరాణీ అని పిలిచేది. మరిది పెళ్ళాన్ని వాళ్ళు అలా పిలుస్తారు.

ఆమె తన కథ నాకు పిడకలు కొడుతున్నప్పుడు చెప్పింది. అప్పటికి మా అత్త దగ్గర నేర్చుకున్న తెలుగు బాగానే వచ్చేసింది. వాళ్ళు ముగ్గురన్నదమ్ములు. ఆమెను మొదట చేసుకున్నది నడిమివాడు. అతను పోయాడు. పెద్దవాళ్ళు ఆమెను కూర్చోబెట్టి, ఇకనుంచి చిన్నవాడే నీ మొగుడన్నారు. ఆమె కాపురానికొచ్చేనాటికి ఆ చిన్నవాడు చీమిడి ముక్కుతో తిరిగేవాడు, తలలో పేలు చూసిందీ అన్నం పెట్టిందీ ఆమే. ఏడాదిపాటు అతని ముఖం చూడలేక చచ్చానంది. కానీ అతను మంచివాడు. అన్నగారి పెత్తనం పడలేక ఆమెను తీసుకుని రైలుపనిలో చేరి ఇంతదూరం వచ్చేశాడు. ఇక్కడికొచ్చాకే తనకు మొగుడనేవాడు ఉన్నట్టు తెలిసిందట. ఇది చెబుతూ పేడ చేతులతోనే ముఖం తుడుచుకుంది.

పెద్దవాణ్ణి గురించి అడిగాను. అంతకాలం ఒకే ఇంట్లో ఉన్నా అతని ముఖం తాను తిన్నగా చూడలేదు, తన గొంతు అతను వినలేదు. చెడ్డవాడా అంటే కాదంది. పెళ్ళాం, పిల్లలు, పరువు అన్నీ ఉన్నవాడే. ఇంకో పేడముద్ద తీసి చరుస్తూ అంది.

"ఆడు సెడ్డోడు కాడు దేవరాణీ. ఆడికి నాను మనిసిని కాను. పొలం గట్టుని."

గేటు కాపలా మనిషి వారం రోజుల జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. కొరివి స్టేషను వాళ్ళలో ఒకతను పెట్టాడు. రైలు కంపెనీ గుడిసె ఖాళీ చెయ్యాలి కదా, ఆమె ఎక్కడికి పోతుంది అని అందరూ అనుకుంటుండగానే ఆమె మా పెరట్లోకి వచ్చింది. గేదెను కూడా తోలుకుని వచ్చింది. మా పశువుల సాలలో ఒక మూల ఇస్తే చాలంది. నా కూతురిలా ఉండిపో అని మా అత్త అప్పటికప్పుడే మాట ఇచ్చింది. ఇచ్చింది నిజంగానే, నేను కాదనను. మా అత్త మనసు వెన్న.

సాయంత్రం గేదెకు గడ్డి వేస్తూ గేటావిడ నన్ను దగ్గరికి పిలిచి, తల పైకెత్తకుండా అంది.

"పాలమ్ముతాను దేవరాణీ. ఈదిలో అందరికీ నువ్వే సెప్పాల. నా నోట రాదు."

డబ్బులు విసిరి కొట్టిన మనిషి. ఆ మాట అనడానికి ఆమెలో ఎంత చచ్చిపోయి ఉండాలో నాకు తెలుసు. అంత అవసరమేమొచ్చిందని అడిగితే చెప్పింది. చనిపోయిన ఇద్దరన్నదమ్ముల పొలం వాటాలూ ఇప్పుడు ఆమె బతికున్నంతకాలం ఆమె చేతికిందివి. ఆమె ఇంకొకడికి పెళ్ళామైతే అవి అతనివి. పెద్దవాడికి కబురు తెలిస్తే వస్తాడు, వస్తే తనను తీసుకుపోతాడు. అందుకని కబురు చెయ్యొద్దు, తమ్ముడు ఇంకా గేటు దగ్గరే ఉన్నాడనుకోనీ అంది. నా రెండు చేతులూ పట్టుకుని అడిగింది. తీసుకుపోవడమంటే చెయ్యి పట్టి లాక్కుపోవడమనుకున్నాను నేను. ఇంతమంది ఉండగా ఎలా లాక్కుపోతాడులే అని ధైర్యం చెప్పాను.

మా అత్తతో ఈ మాట చెప్పాను. ఆమె నన్ను కసిరింది. తోడబుట్టినవాడు పోతే అన్నకు తెలియకుండా దాస్తామా, ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది అంది. మొగుడు పోయిన దుఃఖంలో ఉన్న మనిషి ఏదో అంటుంది, అది పట్టించుకోకూడదంది. మా మామగారూ అదే అన్నారు. వీధి వీధంతా అదే అంది. ఒక ఆడది నోరు విప్పి వద్దని అంటే దుఃఖం మాట్లాడుతోందనే మనుషులం మేము. స్టేషనుకు వెళ్ళి తంతి కొట్టించారు.

పెద్దవాడు వచ్చాడు. తెల్లటి పెద్ద తలపాగా, నెరిసిన మీసాలు, చేతికర్ర. మా మామగారి కాళ్ళకు నమస్కారం పెట్టాడు. తమ్ముడి బూడిద కలిపిన చోటు చూపించమని అడిగి అక్కడ కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగేడుపు కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గేటావిడ ఉన్నవైపు ఒక్కసారి కూడా చూడలేదు, వీపు పెట్టే కూర్చున్నాడు. ఆమె సాల మూలలో ముసుగు దించుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఎంత మర్యాదస్తుడో చూడండని వీధి మెచ్చుకుంది. మా అరుగుమీద హుక్కా వెలిగించుకున్నాడు. గొట్టం మాత్రం మా మామగారి వైపు తిప్పలేదు.

మర్నాడు పొద్దున్నే, తన భాష తెలిసిన పాయింట్స్‌మన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. తమ్ముడి భార్యకు గుడ్డ కప్పాలి, ఊరి పెద్దలు వచ్చి కూర్చోవాలి అని చెప్పించాడు. మొగుడు పోయినదానికి అయినవాళ్ళు తెల్లకోక కప్పడం మాకు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుసు. పాపం ఆమెకు పుట్టింటివాళ్ళు రాలేదు, ఇతనే ఆ లోటు తీరుస్తున్నాడని మా అత్త కళ్ళొత్తుకుంది. వీధిలో అందరినీ తనే పిలుచుకొచ్చింది. నన్ను మాత్రం పెద్దలు కూర్చున్న చోటికి కోడలు రాకూడదని తలుపు వెనకాల ఉండమన్నారు.

గేటావిడ రాలేదు. సాల గుంజను కావలించుకుని ఉండిపోయింది. మా అత్త, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి గుంజనుంచి ఆమె చేతులు విడిపించారు. మనవైపు ఆడవాళ్ళు కూడా కోక కప్పే వేళకు అలాగే పెనుగులాడతారు కదా. చంకల కింద చేతులేసి నడిపించుకొచ్చి చాపమీద కూర్చోబెట్టారు. ఆమె ముసుగులోపల తల అడ్డంగా ఊపుతూనే ఉంది. కడియం నేలకు తాటించింది. మళ్ళీ తాటించింది. పెద్దబావగారు ఎదురుగా ఉండగా ఆమెకు అంతకంటే మాట లేదు.

"ఏడు తల్లీ ఏడు, ఏడిత్తే తీరుతాది" అని మా అత్త వీపు నిమిరింది.

పెద్దవాడు లేచి సంచిలోంచి దుప్పటిలాంటి తెల్లగుడ్డ తీశాడు. నాలుగు కొసలకూ ఎర్రరంగు అద్ది ఉంది. అదేదో వాళ్ళ పద్ధతనుకున్నాం. ముఖం పక్కకు తిప్పుకునే దాన్ని ఆమె నెత్తిమీద వేశాడు. ఆమె భుజాలు విదిల్చింది. గుడ్డ కిందపడింది. అందరూ అయ్యో అన్నారు, కిందపడితే అశుభమని. మా అత్త గబుక్కున వంగి ఆ గుడ్డ తీసి, దులిపి, తన చేతులతో ఆమె తలమీద నిండుగా కప్పి, జారకుండా అంచులు మెడకింద చుట్టింది. తర్వాత ఆమెను గట్టిగా పొదివి పట్టుకుని కూర్చుంది.

పెద్దవాడు బెల్లం పంచాడు. చావు జరిగిన చోట తీపి ఏమిటని మా మామగారు కాస్త తటపటాయించారు. పరాయిదేశం మనిషి నొచ్చుకుంటాడని నోట్లో వేసుకున్నారు. ఆయన తిన్నారని అందరూ తిన్నారు. మా అత్త కూడా తింది.

అప్పుడతను సంచిలోంచి గాజులు తీశాడు. ఎర్రగాజులు. ఆమె ముందు కూర్చుని, చెయ్యి బయటికి లాగి, ఒక్కొక్కటే తొడగడం మొదలుపెట్టాడు.

మా అత్త నోట్లో బెల్లం నోట్లోనే ఉండిపోయింది. మొగుడు పోయినదానికి గాజులు తీస్తారు గానీ తొడుగుతారా. ఇదేటి అని పాయింట్స్‌మన్‌ను అడిగింది. అతను పెద్దవాణ్ణి అడిగాడు. పెద్దవాడు గాజులు తొడగడం ఆపకుండా నింపాదిగా చెప్పాడు. వాళ్ళలో ఇదే మారుమనువు. అన్నదమ్ముల్లో ఒకడు పదిమంది ముందు వితంతువుకు చద్దరు కప్పి బెల్లం పంచితే ఆమె అతని పెళ్ళాం. మంత్రాలూ మంగళసూత్రం అక్కర్లేదు, చూసినవాళ్ళే సాక్షులు. తన ఊళ్ళో ఎవరైనా అడిగితే మీ అందరి పేరూ చెబుతాను, మీ రుణం ఉంచుకోను, గేదెను మీకే వదిలేస్తున్నాను అన్నాడు. హుక్కా గొట్టానికి పనికిరాని మా నోళ్ళు ఆ పెళ్ళికి సాక్ష్యంగా పనికొచ్చాయి.

మా మామగారు లేచి నిలబడ్డారు. ఆమెకు ఇష్టమో కాదో అడగాలి కదా అన్నారు. మాకూ మారుమనువులున్నాయి, కానీ ఆ మనిషిని అడుగుతాం అన్నారు. పాయింట్స్‌మన్ ఆ మాట చెప్పాడు. పెద్దవాడు నిజంగా ఆశ్చర్యపోయాడు. ఆమె కాదంటే చెప్పేది కదా, ఇంతమందిలో ఒక్కరైనా ఆమె నోట కాదన్న మాట విన్నారా అని అడిగాడు. ఎవరూ వినలేదు మరి. అతనుండగా ఆమెకు నోరు లేదని అతనికి తెలుసు. అది తెలిసే అడిగాడని నా నమ్మకం.

మా మామగారు కూర్చుండిపోయారు. వాళ్ళ ఆచారం వాళ్ళది, మనం వేలు పెట్టకూడదన్నారు. ఎండ ఎక్కేలోగా వీధి తన మనసును సర్దేసుకుంది. పోనీలే, దిక్కులేనిదానికి ఒక దిక్కు దొరికిందని ఒకరు, పరాయివాడు కాదు కదా బావగారే కదా అని ఇంకొకరు. మా అత్త మాత్రం నోరు కడుక్కుంటూనే ఉంది. వేలు గొంతులో పెట్టుకుని కక్కింది కూడా. కక్కితే పోయేదా అది.

మధ్యాహ్నం బండికి వాళ్ళు బయల్దేరారు. మా అత్త స్టేషనుకు రానంది. నేను వెళ్ళాను, ఎవరి అనుమతీ అడగలేదు. పెద్దవాడు ముందు, ఆమె పది అడుగుల వెనకాల, నెత్తిమీద ఆ తెల్లగుడ్డ. ప్లాట్‌ఫారం మీద అతను నీళ్ళకోసం లోటా పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అతను అటు వెళ్ళగానే ఆమె ముసుగు ఎత్తింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నా మణికట్టు పట్టుకుంది.

"దేవరాణీ, సద్దరు కప్పినపుడు నాను వద్దన్నాను. ముసుగులోనే, సిన్నగా అన్నాను. నువ్విన్నావా?"

తలుపు వెనకాల ఉన్నదాన్ని. నడుమ ఇంతమంది. ఆమె గొంతు కాదుగదా, కడియం చప్పుడే నాకు సరిగ్గా అందలేదు.

"విన్నాను అక్కా" అన్నాను.

"సాలు" అంది.

అతను నీళ్ళు పట్టుకుని తిరిగొస్తున్నాడు. ఆమె ముసుగు దించుకుని పక్కకు తిరిగింది. ఆ తర్వాత బండి కదిలేదాకా నావైపు చూడలేదు.

కొన్నేళ్ళకు ఆమె పోయిందనీ, పొలాలన్నీ కలిసిపోయాయనీ పాయింట్స్‌మన్ ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పాడు. ఆ కబురు వచ్చిన రోజు మా అరుగుమీద ఎవరో, ఎంతైనా ఆమె ఇష్టపడే వెళ్ళింది కదా అన్నారు. మామగారు కూర్చుని ఉన్నారని కూడా చూడకుండా నేను బయటికి వచ్చి నిలబడ్డాను. ఆమె వద్దంది, నేను విన్నాను అని చెప్పాను. ఎవరడిగినా ఇప్పటికీ అదే చెబుతాను. ఆమె వద్దంది. నేను విన్నాను.